తెలుగింట పాలకు ప్రత్యామ్నాయంగా మొక్కల పాలు: వినియోగదృష్టితో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

జీర్ణసమస్యల వల్లనో, అలర్జీ వల్లనో, జీవకారుణ్యం, పర్యావరణస్పృహల వల్లనో పశువుల పాలను విడిచి సోయా, బాదం, ఓట్స్, కొబ్బరి, వేరుశనగ పాలను వాడేవారు నేడు పట్టణప్రాంత తెలుగు కుటుంబాల్లో కనిపిస్తున్నారు. ఈ మార్పును సాధారణంగా ఒక ప్యాకెట్టు స్థానంలో మరొక ప్యాకెట్టును ఉంచడంగా భావిస్తారు. అయితే తెలుగింట పాలు ఒకే పని చేయవు. పానీయంగా, పెరుగుకు మూలంగా, నేతికి ఆధారంగా, శాకాహారికి పోషకనిధిగా వేర్వేరు పనులు చేస్తాయి. ఏ ఒక్క మొక్క పాలూ ఈ పనులన్నింటినీ చేయలేవు. కనుక పాల స్థానంలో మరో పాలను వెదకడం కంటే, పాలు చేసే ఒక్కొక్క పనికీ తగిన ప్రత్యామ్నాయాన్ని వెదకడమే సరైన మార్గమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: మొక్కల పాలు, లాక్టోజ్, విటమిన్ బి12, కాల్షియం, పెరుగు, వేరుశనగ పాలు, పాడి.

1. ప్రవేశిక:

తెలుగింట ఉదయం కాచిన పాలు సాయంత్రానికి అనేక రూపాలు దాలుస్తాయి. కొన్ని కాఫీలోకి, టీలోకి చేరుతాయి. కొన్ని పిల్లల గ్లాసులోకి వెళ్తాయి. మిగిలినవి తోడుకొని పెరుగవుతాయి. మీగడ వెన్నగా, వెన్న నెయ్యిగా మారుతుంది. పులిసిన పెరుగు మజ్జిగపులుసు అవుతుంది. భోజనం చివర పెరుగన్నం లేకపోతే తిన్నట్టే ఉండదనేవారు తెలుగునాట ఎందరో ఉన్నారు.

ఇంతగా అల్లుకున్న పదార్థాన్ని ఒక కుటుంబం మార్చుకోవాలనుకున్నప్పుడు ఎదురయ్యే ప్రశ్నలు రెండు రకాలు. టీ విరిగిపోదా, పెరుగు తోడుకుంటుందా అనేవి వెంటనే కనిపించే ప్రశ్నలు. పాలు మానిన శాకాహారికి బి12 ఎక్కడినుండి వస్తుందనేది కొన్నేళ్లకుగాని బయటపడని ప్రశ్న. మొదటి రకం ప్రశ్నలకు వంటింట్లోనే సమాధానం దొరుకుతుంది. రెండవదాన్ని విస్మరిస్తే ఆరోగ్యానికే నష్టం. ఈ రెండింటినీ కలిపి చూడడమే ఈ వ్యాసోద్దేశం.

2. 'పాలు' - పదవిస్తృతి, చట్టపరిధి:

తెలుగులో 'పాలు' అనే మాట పశువుల పాలకే పరిమితం కాలేదు. జిల్లేడు పాలు, మర్రి పాలు, కొబ్బరిపాలు అనడం వాడుకలో ఉన్నదే. వరి గింజ 'పాలు పోసుకునే దశ'లో ఉందని రైతు అంటాడు. లేత మొక్కజొన్న, జొన్న కంకులను పాలకంకులంటారు. తెల్లగా, ద్రవంగా ఉండి మొక్కనుండి వచ్చేదాన్ని పాలనడం తెలుగువారికి కొత్త కాదు. అందువల్ల 'సోయా పాలు', 'బాదం పాలు' అనే పేర్లు భాషాపరంగా ఇబ్బంది పెట్టవు. ('బాదం పాలు' అనే మాటకు ఆవు లేదా గేదె పాలలో బాదం ముద్ద కలిపి కాచిన పానీయమనే అర్థం కూడా ఉంది. పాలు మానినవారు దీన్ని గమనించాలి.)

చట్టం దృష్టి వేరు. భారత ఆహార భద్రతా ప్రమాణాల ప్రాధికార సంస్థ నిర్వచనం ప్రకారం పాలంటే ఆరోగ్యవంతమైన పాడిపశువు పొదుగునుండి పిండినవే. ఈ నిర్వచనం ఆధారంగా మొక్కలనుండి తీసిన పానీయాలను పాలపేరుతో అమ్మరాదని 2021లో ఆ సంస్థ ఆదేశించింది. కొబ్బరిపాలు వంటి స్థిరపడిన పేర్లకు మినహాయింపు ఉంది. ఐరోపా న్యాయస్థానం కూడా 2017లో ఇటువంటి తీర్పే ఇచ్చింది. కనుకనే ప్యాకెట్లమీద 'పాలు' బదులు 'పానీయం' అనే మాట కనిపిస్తుంది.

ఈ పేరు వివాదంలో వినియోగదారునికి పనికివచ్చే అంశం ఒకటి ఉంది. పాలనే మాట వినగానే మనం రంగుతోపాటు పోషణను కూడా ఊహిస్తాం. తెలుగు వంటలో కొబ్బరిపాలు ఎంతో కాలంగా ఉన్నా, వాటిని రుచికోసం వాడారుగాని పిల్లలకు పాలకు బదులుగా పోయలేదు. మొక్కల పాలు రంగులో పాలను పోలినా పోషణలో పోలవలసిన నియమం లేదు.

3. మార్పుకు కారణాలు:

3.1 జీర్ణసంబంధమైనవి: పాలలోని చక్కెర లాక్టోజ్. దీన్ని జీర్ణం చేసే లాక్టేజ్ అనే ఎంజైమ్ శైశవంలో సమృద్ధిగా ఉండి, పాలు మరిచిన తరువాత చాలామందిలో తగ్గిపోతుంది. పెద్దయ్యాక కూడా ఈ ఎంజైమ్ కొనసాగేందుకు తోడ్పడే జన్యుమార్పు భారతదేశంలో వాయవ్యప్రాంతంలో ఎక్కువగాను, దక్షిణ, తూర్పు ప్రాంతాలవైపు వచ్చేకొద్దీ తక్కువగాను కనిపిస్తుంది. గ్లాసెడు పాలు తాగగానే కడుపుబ్బరం, విరేచనాలు కలిగేవారు మన ప్రాంతంలో ఉండడానికి ఇదొక కారణం.

అయితే లాక్టోజ్ పడకపోవడం, పాల అలర్జీ ఒకటి కావు. లాక్టోజ్ పడనివారిలో చాలామంది ఒకసారికి సుమారు 12 గ్రాముల లాక్టోజ్‌ను, అంటే ఒక గ్లాసు పాలలో ఉండే పరిమాణాన్ని, పెద్ద ఇబ్బంది లేకుండా తట్టుకోగలరు. పెరుగులోని సూక్ష్మజీవులు లాక్టోజ్‌లో కొంతభాగాన్ని ముందే వినియోగించుకుంటాయి గనుక పెరుగు, మజ్జిగ వీరికి మరింత సులభంగా జీర్ణమవుతాయి. నేతిలో లాక్టోజ్ దాదాపుగా ఉండదు. కనుక వీరు పాలను పూర్తిగా మానవలసిన అవసరం లేకపోవచ్చు. అలర్జీ మాత్రం కేసీన్ వంటి పాల ప్రోటీన్లకు శరీర రక్షణవ్యవస్థ ప్రతిస్పందించడం. ఇందులో పరిమాణంతో నిమిత్తం లేదు. పాలు, పెరుగు, వెన్న అన్నింటినీ మానవలసిందే. తనది ఏ సమస్యో వైద్యునిద్వారా తెలుసుకోవడం మార్పుకు తొలిమెట్టు.

3.2 పర్యావరణసంబంధమైనవి: 2018లో 'సైన్స్' పత్రికలో పూర్, నెమెచెక్ ప్రచురించిన విస్తృత అధ్యయనం ఈ చర్చకు ప్రధాన ఆధారం. దాని ప్రపంచ సగటు లెక్కల ప్రకారం లీటరు పశువుల పాల ఉత్పత్తికి సుమారు 3.2 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానమైన వాయువులు విడుదలవుతాయి. 628 లీటర్ల నీరు, దాదాపు 9 చదరపు మీటర్ల నేల ఖర్చవుతాయి. సోయా పాలకు ఇవి వరుసగా 1 కిలో, 28 లీటర్లు, 0.7 చదరపు మీటరు. బాదం పాలకు వాయువులు 0.7 కిలోలే అయినా నీరు 371 లీటర్లు. వరి పాలకు నీరు 270 లీటర్లు.

ఈ అంకెలను మన పరిస్థితికి యథాతథంగా అన్వయించలేం. పశువులకోసమే ధాన్యం పండించే వ్యవసాయాన్నీ, వరిగడ్డి, చొప్ప, తవుడుతో గేదెను పోషించే వ్యవసాయాన్నీ ఒకే సగటు సూచించలేదు. మరోవైపు, నెమరువేసే పశువు గడ్డి తిన్నా మీథేన్ విడుదల చేస్తుంది. మొత్తంమీద మొక్కల పాలకు వనరుల వ్యయం తక్కువన్న దిశ స్పష్టమే. ఎంత తక్కువ అనేది ప్రాంతాన్నిబట్టి మారుతుంది.

3.3 నైతికమైనవి: దూడకు దక్కవలసిన పాలు, పాలివ్వని మగదూడల గతి, వట్టిపోయిన పశువుల భవితవ్యం ఈ వాదంలోని ప్రధానాంశాలు. ఈ కారణంతో మారినవారు లాక్టోజ్ పడనివారిలా పెరుగు, నేతులతో సర్దుకోలేరు. కనుక పోషకాల విషయంలో వీరికే ఎక్కువ ప్రణాళిక అవసరం.

4. పోషకవిలువలు:

తెలుగు రాష్ట్రాల్లో గేదెపాల వాడకం ఎక్కువ. 100 మి.లీ. గేదెపాలలో సుమారు 3.7 గ్రాముల ప్రోటీన్, ఆరున్నర గ్రాముల కొవ్వు, 120 మి.గ్రా. కాల్షియం ఉంటాయి. ఆవుపాలలో ప్రోటీన్ 3.3 గ్రాముల వరకు ఉంటుంది, కాల్షియం దాదాపు అంతే. సోయా పాలు మాత్రమే ప్రోటీన్ విషయంలో వీటికి దగ్గరగా, 3 గ్రాముల పైన నిలుస్తాయి. ఓట్స్ పాలలో సుమారు 1 గ్రాము, బాదం పానీయాల్లో అర గ్రామునుండి 1 గ్రాము, వరి పాలలో అంతకంటే తక్కువ. బాదం పప్పులో ప్రోటీన్ పుష్కలంగా ఉన్నా, ప్యాకెట్టులో బాదం కొద్ది శాతమే ఉండి మిగిలినదంతా నీరు కావడమే ఇందుకు కారణం.

రోజుకు అర లీటరు గేదెపాలు వాడే వ్యక్తిని ఉదాహరణగా తీసుకుంటే, ఆయనకు వాటినుండి సుమారు 18 గ్రాముల ప్రోటీన్, 600 మి.గ్రా. కాల్షియం అందుతాయి. అంతే పరిమాణంలో బాదం పానీయానికి మారితే ప్రోటీన్ 5 గ్రాములకు మించదు. కాల్షియం అదనంగా చేర్చని రకమైతే అదీ తగ్గిపోతుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫారసుల్లో పెద్దలకు రోజుకు 1000 మి.గ్రా. కాల్షియం అవసరమని పేర్కొంది. అంటే మారిన వ్యక్తి అవసరంలో సగానికి పైగా మరోచోట వెదకాలి.

ఇందుకు మన ఆహారంలోనే ఆధారాలున్నాయి. 100 గ్రాముల రాగుల్లో 360 మి.గ్రా. వరకు, మునగాకులో 300 మి.గ్రా. పైన కాల్షియం ఉంటుంది. నువ్వుల్లో ఇంకా ఎక్కువ. అయితే ఉన్నదంతా ఒంటబట్టదు. పాలకూరలో కాల్షియం ఉన్నా ఆక్సలేట్లు దాన్ని పట్టి ఉంచుతాయి. పేరులో పాలున్నా పాల పని అది చేయలేదు. మునగాకు, రాగిజావ, నువ్వుల పొడి రోజువారీ భోజనంలో భాగమైతేనే లోటు పూడుతుంది. ప్యాకెట్టు పానీయం కొనేవారు కాల్షియం చేర్చినదో కాదో చదవాలి. చేర్చిన కాల్షియం అడుగున పేరుకుంటుంది గనుక పోసుకునే ముందు ప్యాకెట్టును బాగా కుదపాలి.

5. బి12 - కనిపించని లోటు:

విటమిన్ బి12ను మొక్కలు తయారుచేయలేవు. మాంసం, చేపలు, గుడ్లు తినేవారికి పాలు మానినా బి12 అందుతుంది. గుడ్డు కూడా తినని శాకాహారికి పాలు, పెరుగులే దాదాపు ఏకైక సహజ ఆధారం. 100 మి.లీ. ఆవుపాలలో సుమారు 0.4 మైక్రోగ్రాముల బి12 ఉంటుంది. పెద్దల రోజువారీ అవసరం రెండు మైక్రోగ్రాములకు కొంచెం పైన. పాలు తాగే శాకాహారికే ఇది బొటాబొటిగా అందుతున్నది. వాటినీ మానితే అందే మార్గం మూసుకుపోతుంది.

ఈ లోటు వెంటనే తెలియదు. కాలేయంలోని నిల్వలు కొన్నేళ్లపాటు సరిపోతాయి. ఆ తరువాత నీరసం, రక్తహీనత, అరికాళ్లలో తిమ్మిర్లు, మతిమరుపు మొదలవుతాయి. వాటిని వయోభారంగానో, మధుమేహ లక్షణాలుగానో భావించే అవకాశం ఎక్కువ. మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్ కూడా బి12 శోషణను తగ్గిస్తుంది. కనుక మెట్‌ఫార్మిన్ వాడుతున్న శాకాహార వృద్ధులు పాలు మానదలిస్తే ముందుగా వైద్యుని సంప్రదించి, బి12 మాత్రనో, బి12 చేర్చిన ఆహారాన్నో ఏర్పాటు చేసుకోవాలి. నాడులకు కలిగిన నష్టం ఆలస్యమైతే పూర్తిగా నయం కాకపోవచ్చు.

6. శిశువుల విషయం:

ఏడాదిలోపు శిశువుకు ఏ మొక్క పాలనూ తల్లిపాలకుగాని, శిశువులకోసం ప్రత్యేకంగా తయారుచేసిన పాలపొడికిగాని బదులుగా ఇవ్వరాదు. మొదటి ఆరు నెలలు తల్లిపాలే ఇవ్వాలి. ఇంట్లో తీసిన బాదం, వరి, వేరుశనగ పాలతో శిశువును పెంచితే తీవ్రమైన పోషకాహారలోపం ఏర్పడుతుంది. ఏడాది దాటిన పిల్లలకు కూడా ప్రోటీన్ తక్కువగా ఉన్న పానీయాలు ప్రధాన ఆహారం కారాదు. వరి పానీయంలో ఆర్సెనిక్ ఉండే అవకాశం వల్ల అయిదేళ్లలోపు పిల్లలకు దాన్ని ఇవ్వవద్దని బ్రిటన్ ఆరోగ్యవ్యవస్థ సూచిస్తున్నది. పెద్దల నైతిక నిర్ణయం ఎంత ఉన్నతమైనదైనా, తన ఆహారాన్ని తాను ఎంచుకోలేని శిశువు విషయంలో వైద్యుని మాటే ప్రమాణం కావాలి.

7. వంటింటి రసాయనం:

7.1 కాఫీ, టీ: బెల్లం పరమాన్నం వండేవారికి ఒక జాగ్రత్త తెలుసు. ఉడుకుతున్న పాలలో బెల్లం వేస్తే విరుగుతాయి, దించి చల్లారాక కలపాలి. వేడి, ఆమ్లగుణం కలిసినప్పుడు ప్రోటీన్లు ముద్దకట్టడమే విరగడం. సోయా పాలు ఈ విషయంలో మరింత సున్నితమైనవి. వేడి డికాక్షన్‌లో చల్లని సోయా పాలు పోస్తే విరగడం ఇందువల్లనే. పాలను విడిగా గోరువెచ్చగా చేసి, డికాక్షన్‌ను కొద్దికొద్దిగా వాటిలో పోస్తే ఈ ఇబ్బంది తగ్గుతుంది.

టీలోని వగరుకు కారణమైన పదార్థాలను పశువుల పాలలోని కేసీన్ పట్టుకొని వగరు తగ్గిస్తుంది. ప్రోటీన్ తక్కువైన బాదం, ఓట్స్ పాలు ఆ పని చేయలేవు. కనుక టీపొడి తగ్గించి, తక్కువసేపు మరిగించి, పాలను చివర కలపాలి. ఓట్స్ పాలను మరిగిస్తే పిండిపదార్థం చిక్కబడి జిగురుగా మారుతుంది. కొబ్బరిపాలను కూడా పాయసం దించేముందే కలపడం మన వంటవారు పాటిస్తున్న పద్ధతే.

7.2 పెరుగు: పాలు తోడుకోవడానికి రెండు అంశాలు కావాలి. సూక్ష్మజీవులకు ఆహారంగా చక్కెర, ఆమ్లం పెరిగినప్పుడు వలలా అల్లుకునే ప్రోటీన్. పశువుల పాలలో లాక్టోజ్, కేసీన్ ఈ పాత్రలు నిర్వహిస్తాయి. మొక్కల పాలలో సోయా, వేరుశనగలకు తగినంత ప్రోటీన్ ఉండడంవల్ల పెరుగుకు అనుకూలిస్తాయి. కొద్దిగా చక్కెర కలిపితే తోడుకోవడం సులువవుతుంది. బాదం, కొబ్బరి పాలు పులుస్తాయిగాని గట్టిగా పేరుకోవు. మొదటిసారి తోడుకు పచ్చిమిరపకాయ తొడిమలను గోరువెచ్చని పాలలో వేసే పద్ధతి వాడుకలో ఉంది. తొడిమలమీది సూక్ష్మజీవులే తోడుగా పనిచేస్తాయి. పాల అలర్జీ ఉన్నవారు మామూలు పెరుగును తోడుగా వాడకూడదు. ఇలా తయారైన పెరుగు నేరుగా తిన్నప్పటికంటే తాలింపు వేసిన పెరుగన్నంలో, శనగపిండి చేర్చిన మజ్జిగపులుసులో బాగా ఇముడుతుంది.

7.3 నెయ్యి: నేతికి మొక్కల పాలలో ప్రత్యామ్నాయం లేదు. నెయ్యి కేవలం కొవ్వు, దాని పరిమళం పాల ఘనపదార్థాలు వేగడంవల్ల వచ్చింది. కందిపొడి అన్నంలో నువ్వులనూనె కలుపుకునే అలవాటు తెలుగువారికి ఉంది. అదే ఇక్కడ సహజమైన ప్రత్యామ్నాయం.

8. స్థానిక పంటలు - వేరుశనగ పాలు:

పాలకు వేరుశనగను జోడించే ఆలోచన కొత్తది కాదు. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ వేరుశనగ ప్రోటీన్‌ను గేదెపాలతో కలిపి 'మిల్టోన్' అనే పానీయాన్ని రూపొందించింది. పాల కొరతను అధిగమించడమే నాటి లక్ష్యం.

ఇంట్లో వేరుశనగ పాలు తీయడం తేలిక. గింజలను రాత్రంతా నానబెట్టి, పొట్టు తీసి, మెత్తగా రుబ్బి, గుడ్డలో వడకట్టి, కలుపుతూ కాచాలి. పిప్పిని కూరల్లో, పచ్చళ్లలో వాడుకోవచ్చు. 100 గ్రాముల గింజల్లో సుమారు 25 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. వాటితో లీటరు పాలు తీస్తే, ప్రోటీన్ అంతా దిగినా 100 మి.లీ.కు రెండున్నర గ్రాములకు మించదు. కాల్షియం నామమాత్రమే. బూజుపట్టిన, ముడుచుకుపోయిన, చేదెక్కిన గింజలను తప్పక ఏరివేయాలి. వాటిలో ఏర్పడే అఫ్లాటాక్సిన్ అనే విషపదార్థం కాచినా పూర్తిగా పోదు. సోయా గింజలనైతే నానబెట్టి, వేడినీటితో రుబ్బి, పాలను బాగా మరిగించాలి. వేడినీరు పచ్చివాసనను తగ్గిస్తుంది, మరిగించడం ప్రోటీన్ జీర్ణానికి అడ్డుపడే పదార్థాలను నశింపజేస్తుంది.

9. పాడి కుటుంబాల దృష్టి:

1970 నుండి 1996 వరకు సాగిన శ్వేతవిప్లవ పథకం గ్రామీణ పాల సేకరణను పట్టణ విపణితో అనుసంధానించింది. వర్షాధారమైన రాయలసీమ, తెలంగాణ పల్లెల్లో పంట ఏడాదికొకసారి డబ్బిస్తే, గేదె పదిహేను రోజులకొకసారి ఇస్తుంది. కరవు ఏడాదిలో ఇల్లు గడిపేది ఆ పాలడబ్బే. పశువుకు మేతవేసి, పాలుపిండే శ్రమలో అధికభాగం స్త్రీలది. కనుక పట్టణవాసి మార్పును చర్చించేటప్పుడు ఈ కుటుంబాలను లెక్కనుండి తొలగించలేం.

ఏ మొక్క పాలు ఎంచుకుంటారన్నది ఇక్కడ ముఖ్యమవుతుంది. మన విపణిలోని బాదంలో అధికభాగం కాలిఫోర్నియానుండి వస్తున్నది. వేరుశనగ అనంతపురం ప్రాంతపు పంట, సోయా ఆదిలాబాద్ ప్రాంతపు పంట, కొబ్బరి కోనసీమది. బాదం పానీయానికి మారితే పల్లెకు రావలసిన పాలడబ్బు దేశం దాటుతుంది. స్థానిక పంటలకు మారితే కొంతైనా పల్లెకు తిరిగి చేరే వీలుంది. అయితే పంటడబ్బు పాలడబ్బులా నెలనెలా చేతికందదు, స్త్రీల చేతికి రావడం ఇంకా అరుదు. స్థానిక గింజలనుండి పాలు తీసి అమ్మే పని మహిళాసంఘాల స్థాయిలో జరిగితేనే ఈ లోటు కొంత తీరుతుంది.

10. ముగింపు:

- మొక్కల పాలు ఒకే వర్గానికి చెందిన సమానపదార్థాలు కావు. ప్రోటీన్‌కు సోయా, పెరుగుకు సోయా, వేరుశనగ, పాయసానికి కొబ్బరి, నేతికి నూనె అన్నట్టు పనినిబట్టి ఎంపిక జరగాలి.
- లాక్టోజ్ పడనివారికి పెరుగు, మజ్జిగలు సరిపోవచ్చు. అలర్జీ ఉన్నవారు పాలను పూర్తిగా మానాలి. కారణాన్నిబట్టి మార్పు పరిధి నిర్ణయమవుతుంది.
- గుడ్డు కూడా తినని శాకాహారులు బి12కు వేరే ఏర్పాటు చేసుకున్న తరువాతనే పాలు మానాలి. కాల్షియంకోసం రాగులు, మునగాకు, నువ్వులు నిత్యభోజనంలో చేరాలి.
- ఏడాదిలోపు శిశువులకు మొక్కల పాలు తల్లిపాలకు ప్రత్యామ్నాయం కావు.
- ఇంట్లో ముందుగా టీ, కాఫీలతో మొదలుపెట్టి, తరువాత వంటకాలకు, చివరగా పెరుగుకు విస్తరించడం ఆచరణీయమైన క్రమం. పెరుగు మార్పు అన్నింటికంటే కష్టం, భోజనాంతపు తృప్తి దానితోనే ముడిపడి ఉంది.
- స్థానిక పంటలనుండి తీసిన పాల పోషకవిలువలు, తోడుకునే గుణం, మహిళాసంఘాలద్వారా ఉత్పత్తికి గల అవకాశాలపై తెలుగు విశ్వవిద్యాలయాల్లోని గృహవిజ్ఞాన, వ్యవసాయ, సామాజికశాస్త్ర శాఖలు కలిసి పరిశోధన చేయవలసిన అవసరం ఉంది.